గడ్డిబండి మునస్వామి

మా కాలేజీలో మూడు కాలాలూ పచ్చగా ఉండేది ఒక్కటే, గెస్ట్‌హౌస్ ముందున్న లాన్. ఎకరంన్నర గడ్డి. మే నెలలో హాస్టలు కుర్రాళ్లు బకెట్లు పట్టుకుని కుళాయి దగ్గర జుట్లూ జుట్లూ పట్టుకుంటుంటే, ఆ గడ్డి మాత్రం రెండు పూటలా తలంటుకుని హాయిగా ఉండేది. దాన్ని ఆవులు మేయకూడదు. పిల్లలు ఆడకూడదు. మనుషులు తొక్కకూడదు. మరి ఎందుకు పెంచుతున్నారయ్యా అంటే, కత్తిరించడానికి. ఆ కత్తిరించే మనిషి పేరు మునస్వామి. నేను చెప్పబోయేది అతని సంగతే.

నేనెవరంటే, తిరుపతిలో ఆ వ్యవసాయ కాలేజీ ఎస్టేట్ ఆఫీసులో టైపిస్టుని. పేరు సుందరవల్లి. మా నాయన గుళ్లో దివ్యప్రబంధం చదివేవారు, నేను ఆఫీసులో మెమోలు టైపు చేసేదాన్ని. ఆయన చదివేదాంట్లో కనీసం దేవుడైనా ఉండేవాడు.

మునస్వామిది చంద్రగిరి అవతల ఒక పల్లె. నలభై దాటిన మనిషి. నల్లగా, బక్కగా, తలకు తువ్వాలు చుట్టి, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ పెట్టుకుని ఉండేవాడు. రోజుకూలీ కింద చేరి అప్పటికి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో అతను నాటిన మామిడిచెట్లు కాపుకొచ్చాయి, ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారారు, అతను మాత్రం పర్మనెంటు కాలేదు. మొదట్లో ఎద్దుతో గడ్డి కోసేవాడు. నవ్వకండి, నిజమే. కత్తులున్న ఇనుప కోతబండిని ఎద్దు లాగేది. గిట్టల గుర్తులు లాన్ మీద పడకూడదని ఆ ఎద్దు నాలుగు కాళ్లకూ తోలు బూట్లు తొడిగేవాళ్లు. ఎద్దు బూట్లేసుకుని ముందు నడుస్తుంటే, మునస్వామి ఒట్టికాళ్లతో వెనక నడిచేవాడు. నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను. రూల్సులో ఎద్దుకు బూట్లున్నాయి గానీ మనిషికి లేవని జవాబొచ్చింది.

ఆ జవాబిచ్చిన మహానుభావుడు మా ఎస్టేట్ ఆఫీసరు శఠగోపంగారు. నిలువునామం, జరీ అంచు పంచె, చంకలో గొడుగు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, అబద్ధమాడడు, ఏకాదశికి నీళ్లు కూడా లెక్కపెట్టి తాగుతాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఆయన కనబడితే అందరూ లేవాలి. కూర్చున్నవాడు లేవాలి, సైకిలు మీదున్నవాడు దిగాలి, తలగుడ్డ చుట్టుకున్నవాడు దాన్ని విప్పి చంకలో పెట్టుకోవాలి. అదీ వెంటనే జరగాలి. ఎవడు ఎంత గబుక్కున లేచాడో ఆయన కళ్లతో కొలుచుకునేవారు. పర్మనెంటు ఫైల్లో ‘నడవడి’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపేది ఆయనే. పంపుసెట్టు చెంగయ్య అని ఇంకో రోజుకూలీ ఉండేవాడు, అతని నడవడి బ్రహ్మాండమని పేరు. గొడుగు కొన కనబడితే చాలు, లేచి నిలబడేవాడు.

ఎనభై మూడో సంవత్సరంలో ఆ బండి వచ్చింది. మేము పొలానికి చిన్న ట్రాక్టరు కావాలని రాశాం. ఏదో విదేశీ సాయం పథకం కింద పెద్ద చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె పగలగొడితే లోపల ఎర్రగా ముద్దుగా ట్రాక్టరే ఉంది గానీ, నాగలి తగిలించడానికి వెనక ఏమీ లేదు. కడుపు కింద ఇంత పళ్లెం, ఆ పళ్లెం కింద తిరిగే కత్తులు. దున్నదు, లాగదు, ఉత్త గడ్డి కోస్తుంది. మనిషి దాని మీద దర్జాగా కూర్చుని తోలాలి. వెనక్కి పంపిస్తే ఎవరు ఏమంటారోనని భయపడి, ఎద్దును డైరీకి తోలేసి, మునస్వామిని బండి ఎక్కించాలని తీర్మానించారు.

బండితో పాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. దాన్ని చదివి మునస్వామికి తెలుగులో చెప్పే పని నా నెత్తిన పడింది. వారం రోజులు మధ్యాహ్నం భోజనాల వేళ, నేను పెరుగన్నం తింటూ చదివేదాన్ని, అతను గుమ్మం అవతల గొంతుక్కూర్చుని వినేవాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎలా చావకూడదో రాసిన పుస్తకం అది.

“ఎక్కే ముందర లాన్ అంతా నడిచి రాళ్లూ కట్టెలూ తీగలూ ఏరెయ్యాలంట. కత్తి తగిలితే రాయి తూటా మాదిరి ఎగురుతుందంట.”

“అది సరే లేమ్మా.”

“పెట్రోలు పోసేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలంట. బీడీ తాగకూడదంట.”

మునస్వామి కుడిచెవి మీది బీడీ తీసి ఎడమచెవి మీద పెట్టుకున్నాడు.

“గట్టు మీద అడ్డంగా తోలకూడదు. పైకీ కిందికీ తోలాలి. అడ్డంగా తోలితే తిరగబడుతుంది. ఇదిగో, బొమ్మ కూడా వేసినారు.”

బొమ్మలో బండి తలకిందులుగా ఉంది, దాని కింద టోపీ పెట్టుకున్న ఒక దొర ఉన్నాడు. మునస్వామి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

“పాపం, ఈయప్పకు ఎవురూ సదివి సెప్పినట్టు లేదు గదమ్మా,” అన్నాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క పెద్దక్షరాల్లో ఉంది. దిగాలంటే ముందు కత్తులు ఆపే మీట వెయ్యాలి. తర్వాత బ్రేకు వెయ్యాలి. తర్వాత తాళంచెవి తిప్పి ఇంజను ఆపాలి. మీట వేసిన తర్వాత కూడా కత్తులు కొంతసేపు వాటి పాటికి అవి తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా నిలిచేదాకా మనిషి సీట్లోంచి కదలకూడదు.

“అంతసేపూ కూచ్చోనే ఉండాల్నా?”

“కూర్చోనే ఉండాలి.”

“ఎవురన్నా వస్తే?”

“ఎవరొచ్చినా సరే.”

అతను ఆ ప్రశ్న ఎందుకడిగాడో నేను ఆలోచించలేదు. పెరుగన్నం మీద ధ్యాస.

బిగుతైన బూట్లు వేసుకోవాలని కూడా పుస్తకంలో ఉంది. ఆఫీసును అడిగితే, ఎద్దు బూట్లు మిగిలి ఉన్నాయి గదా అని ఎవరో జోకు వేశారు. మా తమ్ముడి పాత ఎన్.సి.సి. బూట్లు తెచ్చి ఇచ్చాను. రెండు వేళ్లు పెద్దవి. ముందు గుడ్డలు కుక్కి తొడుక్కున్నాడు.

బండి పూజ రోజు శఠగోపంగారు స్వయంగా బానెట్టు మీద నామం దిద్దారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, కర్పూరం వెలిగించి గుమ్మడికాయ పగలగొట్టించారు. ముహూర్తం నాలుగు నిమిషాలే ఉంది, బండి కదలాలి. మునస్వామి కదల్చలేదు. గంప తెచ్చుకుని, లాన్ మీద గుమ్మడి ముక్కలూ, టెంకాయ చిప్పలూ, పూలదండకున్న దారమూ ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. ప్రిన్సిపాలుగారు గడియారం చూసుకుంటున్నారు. శఠగోపంగారు పళ్లు కొరుకుతున్నారు.

“ఏమిరా అది? ముహూర్తం దాటిపోతూంది!”

“ఈ టెంకాయ చిప్ప ఎగిరొచ్చి తగిలితే మనకే దాటిపోతాది సామీ,” అని మునస్వామి ఏరుతూనే ఉన్నాడు.

రాహుకాలంలో బయల్దేరినా బండి శుభ్రంగా నడిచింది. వారంలో మునస్వామికి దాని మీద చెయ్యి తిరిగింది. లాన్ అంచున ఉన్న గట్టు మీద పైకీ కిందికీ తప్ప అడ్డంగా తోలలేదు. ప్రిన్సిపాలుగారి భార్య ముచ్చటపడి, తననొక రౌండు తిప్పమని అడిగితే, “బుక్కులో ఒద్దనుండాదమ్మగారూ, దీని మీద ఒక్కురే కూచ్చోవాలంట,” అని చేతులు జోడించి చెప్పాడు. ఆమె మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం మునస్వామిని చూస్తే గర్వంగా ఉండేది, నా పెరుగన్నం పాఠం అంత చక్కగా ఒంటబట్టిందని.

ఒక్క చోట మాత్రం పాఠం పనిచేయలేదు. శఠగోపంగారు రోజుకు నాలుగుసార్లు ఆ లాన్ దాటేవారు. ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి ఇంటికీ అదే అడ్డదారి. మనుషులు తొక్కకూడదన్న రూలు ఆయన రాసిందే కాబట్టి ఆయనకు వర్తించదు. ఆయన గొడుగు కనబడగానే మునస్వామి పుస్తకం మర్చిపోయి చివాలున సీట్లోంచి లేచి నిలబడేవాడు. లేవగానే బండి ఠక్కున ఆగిపోయేది.

మొదటిసారి ఇద్దరూ సంతోషించారు. “సూడు సామీ, మీరొస్తే బండి గూడా నోరు మూసుకునింది,” అన్నాడు మునస్వామి. శఠగోపంగారు చిరునవ్వు నవ్వి, నామం పెట్టిన బానెట్టు మీద ఒకసారి తట్టి వెళ్లారు.

రోజుకు నాలుగుసార్లు ఆగిపోయి, నాలుగుసార్లు మళ్లీ స్టార్టు చేస్తే బ్యాటరీ ఎన్నాళ్లు మోస్తుంది? పది రోజులకు అది చతికిలబడింది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే జయరామ్‌ను పిలిపించారు. అతను సీటు ఎత్తి చూసి, పగలబడి నవ్వాడు.

“బండి బంగారం మాదిరుండాది సార్. సీటు కింద ఒక స్విచ్చి పెట్టినారు. మనిషి కూచ్చుంటే నడస్తాది, లేస్తే ఆగతాది. మన మునస్వామి మిమ్మల్ని చూసి లేస్తాడు, అది ఆగతాది. అంతే.”

“అయితే ఆ స్విచ్చి పీకెయ్యి,” అన్నారు శఠగోపంగారు.

నేను పుస్తకం పట్టుకుని పరుగున వెళ్లాను. “సార్, అది మనిషి పొరపాటున లేస్తే కాళ్లు తెగకుండా పెట్టినారు. దాన్ని తియ్యకూడదని ఇక్కడ గట్టిగా రాసినారు.”

“పుస్తకం రాసినవాడికి మర్యాద ఏం తెలుసమ్మా?”

“పోనీ, మునస్వామి అన్నీ వరసగా ఆపి, దిగి, తర్వాత దండం పెడతాడు సార్. అరనిమిషం పడుతుంది.”

“అరనిమిషం! వాడు సీట్లో కూర్చుని మీటలు తిప్పుతుంటే, నేను ఎదురుగా నిలబడి వాడెప్పుడు దిగుతాడా అని కాచుకోవాలా?”

“మీరు లాన్ చుట్టూ పోతే...” అని నోరు జారాను. ఆయన నన్ను చూసిన చూపుకు నా చేతిలో పుస్తకం దానంతట అదే మూసుకుంది.

జయరామ్ స్విచ్చి పీకి, రెండు తీగలూ కలిపి ముడేసి, స్విచ్చిని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మునస్వామి లేచినా బండి ఆగేది కాదు. అతను గేరు తప్పించి లేచి నిలబడితే, కింద కత్తులు గిర్రున తిరుగుతూనే ఉండేవి. శఠగోపంగారికి మర్యాద దక్కింది. ఆయన ముందుకన్నా నిదానంగా లాన్ దాటడం మొదలుపెట్టారు.

ఆ నెలలోనే పర్మనెంటు మాట మళ్లీ లేచింది. ఒక్క మాలీ పోస్టు వచ్చింది. వచ్చే సోమవారం పైనుంచి కమిటీ వస్తుందనీ, ఫైళ్లన్నీ సిద్ధం చెయ్యమనీ ఉత్తరం నేనే టైపు చేశాను. పదకొండేళ్ల సర్వీసుతో మునస్వామి పేరే ముందుంది. నడవడి గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు బుధవారం పొద్దున ఈ సంగతి జరిగింది. మంచు పడిన గడ్డి మీద ఒట్టికాళ్లతో నడిస్తే కళ్లజోడు అక్కర్లేదని శఠగోపంగారికి ఏ వైద్యుడో చెప్పాడు. ఆయన గట్టు కింద చెప్పులు విడిచి, పక్కనే పచార్లు చేస్తున్నారు. మునస్వామి బండి మీద గట్టు ఎక్కుతూ, మధ్యలో ఆయన్ను చూశాడు. చూడగానే లేచాడు. ఊరికే లేవడం కాదు, ఆ రోజు ఒక మెట్టు ఎక్కువ మర్యాద చేద్దామనుకున్నాడేమో, గేరు తప్పించి కిందికే దూకాడు. తలగుడ్డ లాగి చంకలో పెట్టుకుని, చేతులు జోడించాడు. బ్రేకు వెయ్యలేదు.

నేను అప్పుడే ఆఫీసు తాళం తీస్తున్నాను. బండి నిదానంగా వెనక్కి జారడం చూశాను. అరిచాను. కత్తుల చప్పుడులో నా అరుపు ఎవరికి వినబడుతుంది? మునస్వామి ఆయన మొహం వంక చూస్తున్నాడు, ఆయన మునస్వామి జోడించిన చేతుల వంక చూస్తున్నారు. ఆ ఇద్దరి మధ్యలోంచి బండి మునస్వామి ఎడమ బూటును బెత్తెడు దూరంలో దాటుకుని, వెళ్లి శఠగోపంగారి చెప్పుల మీదికెక్కింది. ఫటఫటఫటా అని మోత. తోలు ముక్కలు పిట్టల్లా లేచాయి. ఒక పట్టీ వచ్చి మునస్వామి భుజం మీద వాలింది. బండి రాతిబెంచీకి కొట్టుకుని ఆగింది.

శఠగోపంగారు నోరు తెరిచి అన్న మొదటి మాట: “నా చెప్పులు!”

నేను ఆఫీసు మెట్లు దిగేసరికి ఆయన రెండో మాట కూడా తయారుచేసుకున్నారు. మునస్వామి నిర్లక్ష్యానికి మెమో. మూడో మాట, రేపటి నుంచి తన చెప్పులు గెస్ట్‌హౌస్ వరండాలో పెట్టాలని. చెప్పుల్లో కాళ్లు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయనకు తట్టలేదు. మునస్వామి కాలి మాట సరేసరి.

ఆయన వెళ్లాక చూస్తే, మునస్వామి గంప పట్టుకుని తోలు ముక్కలు ఏరుతున్నాడు. ఏరింది గంపలో పడక మళ్లీ గడ్డి మీదికే జారిపోతోంది.

“నీకు బుద్ధుందా మునస్వామీ?” అని అరిచాను. “వారం రోజులు చదివి చెప్పినాను. ఎవరొచ్చినా కూర్చోమని చెప్పినానా లేదా?”

“సెప్పినావు తల్లీ. ఆయప్ప గొడుగు సూస్తే నా కాళ్లు నా మాటినవు. సిన్నప్పట్నించీ అదే అలవాటయిపాయ.” గంప కింద పెట్టి గడ్డి మీదే కూలబడ్డాడు. “మాయన్న ఎల్లప్ప తెలుసు గదా నీకు. కుడిచెయ్యి మణికట్టు కాడికి లేదు.”

“చెరుకు గానుగలో పోయిందని చెప్పినావు.”

“ఎట్ల పోయిందో సెప్పలా. గానుగలో సెరుకు పెడతా ఉండాడు. ఎనకమాల ఆసామి వచ్చినాడు. ఎడమచేత్తో తలగుడ్డ తీసి, ఎనక్కి తిరిగి దండం పెట్టబోయినాడు. కుడిచెయ్యి గానుగలోనే ఉండాది.” గడ్డి మీంచి ఒక తోలు ముక్క తీసి గంపలో వేశాడు. “ఆసామి మంచోడే. ఆసుపత్రికి బండి కట్టించినాడు. ఇప్పుడు మాయన్న ఎవురికీ దండం పెట్టలేడు. సిన్నపిల్లోళ్లు గూడా ఏమీ అనుకోరు.”

నాకు వచ్చిన కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియక, జయరామ్ దగ్గరికి వెళ్లి ఆ స్విచ్చి తిరిగి బిగించమని దెబ్బలాడాను. “అది యాడుండాదమ్మా? నగరి ఆయన స్కూటరుకు ఏసేసినా. జమ్మున పోతా ఉండాది,” అన్నాడు. అలాంటిది మళ్లీ కావాలంటే సముద్రాలు దాటి రావాలి.

గురువారం మునస్వామి పనిలోకి రాగానే నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“లేస్తే కాలు పోతాది. కూచ్చుంటే పోస్టు పోతాది. రాత్రి మా ఇంటిది చెంగమ్మతో సెప్పినా.”

“ఏమనింది?”

“పోస్టు పోతే ఇంగో యేడు సూస్తాం, నీ కాలు పోతే ఇంగో కాలు యాడ తెచ్చేది నేను, అనింది. అని ఏడ్సింది. మళ్లీ తనే, పదకొండేండ్లు గదా, ఆ ఒక్క దినం ఎట్లన్నా లేసి నిలబడు, అనింది.” చెవి మీది బీడీ తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. “ఆయమ్మ రెండూ సెప్పేసింది. నేనేం సెయ్యాల?”

నేను మీట, బ్రేకు, తాళంచెవి, ఆగడం అని మళ్లీ ఒకసారి అప్పజెప్పించాను. తప్పు లేకుండా చెప్పాడు. కూర్చుని చెప్పడం ఎవరికైనా వస్తుంది.

సోమవారం కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, వాళ్లతో ప్రిన్సిపాలుగారు, ముందు శఠగోపంగారు కొత్త చెప్పులతో. మిగతా రోజుకూలీలను వరండాలో వరసగా నిలబెట్టారు. చెంగయ్య తెల్లవారుజాము నుంచే నిలబడి ఉన్నాడని విన్నాను. మునస్వామిని మాత్రం బండి నడుపుతూ ఉండమన్నారు. విదేశీ యంత్రం నడుస్తుండగా పెద్దలు చూడాలి, చూడగానే నడిపేవాడు లేచి దండం పెట్టాలి. అది శఠగోపంగారి ఏర్పాటు. నేను ఫైళ్లు మోసుకుంటూ వాళ్ల వెనక నడిచాను.

వాళ్లు లాన్ మీద అడుగుపెట్టారు. మునస్వామి ఉతికిన చొక్కా వేసుకుని, ఎదురుగా తోలుకుంటూ వస్తున్నాడు. గొడుగు చూశాడు. సీటు మీంచి జానెడు లేచాడు. నడుము అలా గాల్లో ఒక క్షణం ఉంది. తర్వాత మళ్లీ కూర్చున్నాడు.

కత్తుల మీట వేశాడు. బ్రేకు తొక్కి బిగించాడు. తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగింది. ఇంక దిగుతాడనుకున్నారు అందరూ. అతను దిగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒక పక్కకు వంగి, కింద కత్తుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఎండలో అయిదుగురు పెద్దలు నిలబడి ఉన్నారు, వాళ్ల ఎదురుగా రోజుకూలీ మునస్వామి కూర్చుని ఉన్నాడు. మా కాలేజీ పుట్టాక అలాంటిది ఎవరూ చూసి ఉండరు.

“లేవరా!” అన్నారు శఠగోపంగారు, గొంతు తగ్గించి.

“ఆగండి సామీ. ఇంగా తిరగతానే ఉండాది.”

“పెద్దలు నిలబడి ఉంటే కూర్చుంటావా? కళ్లు కనబడలేదా?”

మునస్వామి తలెత్తాడు. మొహం నిండా చెమట. భయపడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. “కనబడతా ఉండారు సామీ. దిగినాక మీ ముందర పొద్దుగూకేదాకా నిలబడతా. దానికి కాళ్లుండాల గదా.”

కత్తులు ఆగాయి. అతను తాళంచెవి తీసి జేబులో వేసుకుని, ఒక బూటు, తర్వాత రెండో బూటు గడ్డి మీద పెట్టి దిగాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అందరికీ నడుము వంచి దండం పెట్టాడు. కమిటీలో పెద్దాయన ఒకరు బండినీ, మునస్వామినీ చూసి, “ఈ పద్ధతి ఎవరు నేర్పారు?” అని అడిగారు.

“పుస్తకంలో ఉంది సార్. నేను చదివి చెప్పినాను,” అన్నాను.

ఆయన తల ఊపి, బండి దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు. ఇంక కథ సుఖాంతమనుకున్నాను. ఆఫీసంటే ఏమిటో అయిదేళ్లు పనిచేసినా నాకు తెలియలేదు. మధ్యాహ్నం శఠగోపంగారు నన్ను పిలిచి నడవడి గడి నింపమన్నారు. ‘ఉన్నతాధికారుల పట్ల గౌరవం లేదు’ అని ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. చెయ్యనని ఒక్కమాట అనలేదు. నా ఉద్యోగం, మా నాయన మందులు, తమ్ముడి చదువు అన్నీ గుర్తొచ్చాయి. కూర్చోమని పుస్తకం చదివి చెప్పిన నేనే, కూర్చున్నందుకు పోస్టు పోగొట్టే ముక్కను తప్పు లేకుండా, మార్జిన్లు సరిచూసుకుని కొట్టాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

పోస్టు చెంగయ్యకు వచ్చింది. మునస్వామి ఇంకో మూడేళ్లు రోజుకూలీగానే ఉన్నాడు. శఠగోపంగారు రిటైరయ్యాక, తర్వాత వచ్చిన ఆఫీసరు ఫైలు చదవకుండానే సంతకం పెట్టేశాడు, పని అయిపోయింది. ఆ మూడేళ్లూ మునస్వామి బండి మీదుంటే ఎవరొచ్చినా వరస తప్పేవాడు కాదు. మీట, బ్రేకు, తాళంచెవి, ఆగడం. ఆ అరనిమిషం నిలబడలేక శఠగోపంగారు లాన్ చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. ఎండలో అంత దూరం నడవడం వల్ల ఆయన ఒళ్లు కూడా కాస్త తగ్గింది.

ఆ సోమవారం సాయంత్రం మాత్రం ఇదంతా తెలియదు. పోస్టు పోయినట్టేనని మునస్వామికి చెప్పాల్సింది నేనే. షెడ్డు దగ్గరికి వెళ్లి, ఏం టైపు చేశానో చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

“నువ్వేంటికమ్మా ఏడ్సేది?” అన్నాడు. కాసేపు బండి సీటు తువ్వాలుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. అతని కళ్లూ బాగా లేవు. “పదకొండేండ్లు,” అని మాత్రం ఒకసారి అన్నాడు. తర్వాత బూట్లు విప్పి, అందులో గుడ్డలు తీసి దులిపి, మళ్లీ కుక్కి, జాగ్రత్తగా గూట్లో పెట్టాడు. “చంద్రగిరి బస్సుకు టయిమయింది. పోయి మా చెంగమ్మకు సెప్పాల.”

నేను తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మిషను మీద ఇంకా మూడు మెమోలున్నాయి. కిటికీలోంచి చూస్తే, అతను లాన్ పక్క దారిలో బస్టాండు వైపు వెళ్తున్నాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, బీడీ వెలిగించాడు. ఒట్టికాళ్లు రెండూ దుమ్ములో ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. కిటికీకి ఎదురుగా వచ్చినప్పుడు అతను నా వైపు చూడలేదు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.